చట్టానికీ నియమానికీ నడుమ: ఒక్క శాతం చరిత్ర

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ సామెతలో ఇంటి యజమాని అగచాట్లన్నీ ఉన్నవి. చేతికందని డబ్బు ఉంది, తీరని అప్పు ఉంది, పని సాగదీసే మేస్త్రీల మీద విసుగు కూడా ఉంది. లేనిదల్లా ఆ ఇంటిని నిజంగా కట్టినవాడు. గృహప్రవేశంనాడు మేస్త్రీకి పంచెలచాపు పెట్టి, కూలీలకు కడుపునిండా అన్నం పెడితే వారి ఋణం తీరిపోయిందనుకోవడం మన సంప్రదాయం. చెడ్డ సంప్రదాయమేమీ కాదు. కాని దయతో ఇచ్చినది హక్కు కాజాలదు. ఇచ్చేవాడు మానుకుంటే అడగడానికి నోరుండదు.

ఆ దయను హక్కుగా మార్చే ప్రయత్నం 1996లో పార్లమెంటు చేసిన రెండు చట్టాలలో జరిగింది. కట్టడానికయ్యే ఖర్చులో నూటికి ఒక్క రూపాయి కార్మికుల సంక్షేమానికి చెల్లించాలన్నది వాటి సారాంశం. ఆ ఒక్క రూపాయి మన రాష్ట్రంలో వసూలు కావడానికి పదకొండేళ్ళు పట్టింది. అది రాజ్యాంగవిరుద్ధమన్న వాదం తేలడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఈ ఏళ్ళు ఎక్కడికి పోయాయి? చట్టాలు పుట్టిన తేదీలను మన చరిత్ర గ్రంథాలు శ్రద్ధగా రాస్తాయి. పుట్టిన చట్టానికి కాళ్ళూ చేతులూ రాకుండా గడిచిన కాలాన్ని గురించి రాయవు. నిర్మాణరంగంలో యజమానుల సంఘాలు శాసనాలపట్ల నడచుకున్న తీరును పరిశీలిస్తే, ఆ కాలమే అసలు చరిత్ర అని తోస్తుంది.

ఈ చరిత్రను వాకాడు వంటి ఊరినుండి చూడడంలో ఒక సౌకర్యం ఉంది. స్వర్ణముఖి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న ఈ ఊరు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2022లో నెల్లూరు జిల్లానుండి విడదీసి తిరుపతి జిల్లాలో చేర్చారు. రాజకీయం ఈ ఊరికి దూరమైనదేమీ కాదు. 1990 నుండి 1992 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డిది ఈ ఊరే. ఏలిన శాసనసభలు మారాయి, జిల్లా పేరు మారింది. ఏటి ఇసుక మారలేదు, దాన్ని జల్లెడపట్టే చేయి మారలేదు. అంచేత ఏ చట్టం ఆ చేతిదాకా వచ్చింది, ఏది రాలేదు అని ఇక్కడినుండి లెక్కచూడడం తేలిక.

మొదటి ఘట్టం మద్రాసు కాలానిది. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. దానివల్ల ఖజానాకు పడిన గండి పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. యుద్ధం ముగిసిన తరువాత నిషేధం రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆ మేరకు పన్ను పరిధి కూడా పెరగవలసివచ్చింది. 1947లో ఆ చట్టాన్ని సవరించి, కట్టడపు కంట్రాక్టులలో వాడే సామాగ్రిని కూడా 'అమ్మకం' కిందికి తెచ్చారు. అప్పటి ఆర్థికమంత్రి మన నెల్లూరు జిల్లావాడైన బెజవాడ గోపాలరెడ్డి. రవీంద్రుని శిష్యుడుగా, ఆయన రచనలకు అనువాదకుడుగా మనకు తెలిసిన ఆయన పేరు సిమెంటు, ఇటుకల మీద పన్నుతో కూడా ముడిపడి ఉన్నదని సాహిత్యం చదువుకున్నవాళ్ళం సాధారణంగా గమనించం.

ఈ పన్నును గానన్ డంకర్లీ అనే పెద్ద నిర్మాణ కంపెనీ కోర్టులో ఎదిరించింది. దాని వాదం ఇది: కంట్రాక్టరు ఇటుకలు అమ్మడు, సిమెంటు అమ్మడు, ఇనుము అమ్మడు. అతడు ఇల్లు కట్టిస్తానని ఒక్క ఒప్పందం చేసుకుంటాడు. ఆ ఒప్పందం అఖండమైనది. సరుకును, పనిని విడదీసి సరుకు మీద పన్ను వేయడం రాష్ట్ర శాసనసభ అధికారంలో లేదు. 1954లో మద్రాసు హైకోర్టు ఈ వాదాన్ని అంగీకరించింది. 1958 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆనాటికి వాకాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కాని తీర్పు దేశంలోని రాష్ట్రాలన్నింటికీ వర్తించింది.

ఇందులో ఒక సత్యం ఉన్నది, దాన్ని కాదనరాదు. గోడ అంటే ఇటుకల కుప్ప కాదు. ఇటుకలో మనిషి శ్రమ కలిసి, విడదీయరానంతగా కలిసిపోయిన తరువాతనే అది గోడ అవుతుంది. సరుకులో శ్రమ ఎట్లా ఘనీభవిస్తుందో అర్థశాస్త్రం చదివిన మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. చిత్రమేమిటంటే, ఈ సత్యాన్ని న్యాయస్థానంలో నిలబడి అంత గట్టిగా చెప్పినది కంట్రాక్టు కంపెనీ. చెప్పిన ప్రయోజనం పన్ను తప్పించుకోవడం. శ్రమను గురించి అంత సూక్ష్మమైన చర్చ జరిగిన ఆ వ్యాజ్యంలో శ్రామికుడు కక్షిదారు కాడు. అతని కూలి ఎంత, అతడు పరంజా మీదనుండి పడితే ఎవరు దిక్కు అన్నది అక్కడి ప్రశ్నే కాదు.

ఆ తీర్పు పట్టు ఇరవైనాలుగేళ్ళు సాగింది. 1974లో లా కమిషన్ తన 61వ నివేదికలో ఈ సమస్యను పరిశీలించింది. 1982లో రాజ్యాంగానికి 46వ సవరణ జరిగింది. కట్టడపు కంట్రాక్టులో ఇమిడిన సరుకును వేరుచేసి, దాని మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆ మేరకు 1985లో తన అమ్మకపు పన్ను చట్టాన్ని సవరించుకుంది. ఈసారి కోర్టుకు వెళ్ళినది ఒక కంపెనీ మాత్రమే కాదు. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే సంఘమే తన పేరున వెళ్ళింది. యుద్ధకాలంలో, 1941లో ఏర్పడిన ఈ కంట్రాక్టర్ల సంఘం అప్పటికి దేశమంతటా శాఖలున్న సంస్థ.

1989 మార్చి 31న సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని చెప్పింది. సంఘం ఓడిపోయింది. అయితే ఓడి కూడా కొంత గెలిచింది. అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని గురించి రాజ్యాంగంలో ఉన్న కట్టుబాట్లు ఈ పన్నుకూ వర్తిస్తాయని అదే తీర్పులో చెప్పించుకోగలిగింది. 1992లో గానన్ డంకర్లీ పేరుతోనే మరొక తీర్పు వచ్చింది. పన్ను లెక్క కట్టేటప్పుడు కూలి ఖర్చు, నక్షాల ఖర్చు, యంత్రాల అద్దె, శ్రమకు సంబంధించిన లాభం మొదలైనవి తీసివేయాలన్నది దాని సారం.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. 1958లో కూలి, సరుకు విడదీయరానివి. 1992లో కూలిని సరుకునుండి తప్పక విడదీయాలి. రెండింటికీ నడుమ రాజ్యాంగం మారింది, నిజమే. మారిన చట్టంలో దొరికిన రక్షణను వెదుక్కోవడం ఏ కక్షిదారుకైనా న్యాయమే. దీన్ని మోసమనడం తొందరపాటు. కాని చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక పాఠముంది. సంఘబలం ఉన్న వర్గానికి సిద్ధాంతం ముఖ్యం కాదు, నిలకడగా కావలిసినది ఫలితం. ఆ వర్గం కూలిని పన్నులెక్కలో ఒక అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. అంకె వెనుక మనిషి కనబడినప్పుడు వాదం మారుతుంది. అది ఎట్లా మారిందో చూద్దాం.

అంతకుముందు, యజమానుల సంఘాల పనితీరును గురించి ఒక మాట. మన వాడుకలో పైరవీ అంటే రహస్యంగా, లంచంతో జరిగేదని అర్థం. అట్లా జరిగేవి ఉండవచ్చు. వాటికి దస్తావేజులుండవు గనుక అవి ఈ వ్యాసానికి పనికిరావు. చరిత్రకు దొరికేది బహిరంగమైన పైరవీ. బడ్జెటుకు ముందు ఆర్థికమంత్రికి ఇచ్చే వినతిపత్రం, ముసాయిదా నియమాల మీద రాసి పంపే అభ్యంతరాలు, సలహాసంఘంలో సంపాదించుకునే కుర్చీ, చివరకు హైకోర్టులో వేసే రిట్టు. ఇవన్నీ చట్టబద్ధమైనవే. వారి కోరికలన్నీ అన్యాయమైనవి కూడా కావు. ప్రభుత్వం బిల్లులు నెలల తరబడి బకాయిపెడితే చిన్న కంట్రాక్టరు నిజంగానే మునిగిపోతాడు. ఒకే కట్టడం మీద రెండు మూడు పన్నులు పడితే అడిగే హక్కు అతనికి ఉంది. వారి సంఘానికి లెక్కలు రాసే ఆడిటర్లున్నారు, గెజిట్ చదివే వకీళ్ళున్నారు. తాపీమేస్త్రీకి ఆ రెండూ లేవు. తేడా అంతా ఇక్కడ ఉంది.

ఈ తేడా ఫలితం 2005 నాటి విలువ ఆధారిత పన్ను చట్టంలో కనబడుతుంది. అపార్టుమెంట్లు కట్టి అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్ ఒక సులువైన ఏర్పాటు చేసింది. వచ్చిన ధరలో నాలుగోవంతు మీద మాత్రమే నాలుగు శాతం పన్ను కడితే చాలు. లెక్క చూస్తే మొత్తం ధరలో సరిగా ఒక్క శాతం. లెక్కల చిక్కు లేని ఈ ఒక్క శాతం పరిశ్రమకు సౌకర్యమైనది. అదే సమయంలో కార్మికుని ఒక్క శాతం కోర్టులో ఉంది. ఒక్క శాతం బరువు అది ఎవరికి చేరుతుందన్న దాన్నిబట్టి మారుతుందని తెలుసుకోవడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

ఇక కార్మికుని చట్టం సంగతి. నిర్మాణ కార్మికునికి ఫ్యాక్టరీ కార్మికుని చట్టాలు సరిపోవు. అతనికి గేటు లేదు, హాజరుపట్టీ లేదు, ఒకే యజమాని లేడు. ఈ మేడ పూర్తయితే ఆ యజమానితో సంబంధం తెగిపోతుంది. ప్రావిడెంటు ఫండు ఎవరు కట్టాలి? ప్రసూతి సెలవు ఎవరివ్వాలి? అంతర్జాతీయ కార్మికసంస్థ 1937లోనే కట్టడపు పనులలో భద్రతను గురించి ఒక ఒడంబడికను ఆమోదించింది. మనదేశంలో మొదటి అడుగులు దక్షిణాది రాష్ట్రాలలో పడ్డాయి. తమిళనాడు 1982లో చేతిపని కార్మికుల చట్టం చేసింది. కేరళ 1989లో నిర్మాణ కార్మికుల సంక్షేమనిధి చట్టం చేసింది. 1985లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన నిర్మాణ కార్మికుల కేంద్రచట్టం కోసం ఒక జాతీయ ప్రచార సంఘం ఏర్పడింది. కార్మికులు కూడా పైరవీ చేయగలరని, వారు చేస్తే దాన్ని ఉద్యమమంటారని ఈ సంఘం నిరూపించింది.

1995 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1996 ఆగస్టులో చట్టాలైన ఆ రెండింటిలో మొదటిది పనిస్థితులకు, సంక్షేమబోర్డుకు సంబంధించినది. రెండవది సెస్సుకు సంబంధించినది. కట్టడపు ఖర్చులో ఒక శాతానికి తగ్గకుండా, రెండు శాతానికి మించకుండా సెస్సు వసూలు చేయాలన్నారు. కేంద్రం ఆ రెండింటిలో తక్కువదానినే, ఒక శాతాన్నే, ఖరారు చేసింది. ఎవరి సొంత నివాసానికి వారు పదిలక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి మినహాయింపు ఇచ్చారు. కోటి రూపాయల భవనానికి లక్షరూపాయలు సెస్సు. ఆ డబ్బు రాష్ట్రబోర్డుకు చేరాలి. పద్ధెనిమిదేళ్ళనుండి అరవై ఏళ్ళలోపు వయసుండి, ఏడాదిలో తొంభై రోజులు ఈ పని చేసిన స్త్రీపురుషులెవరైనా పేరు నమోదుచేసుకుని ప్రమాద సహాయం, ప్రసూతి సహాయం, పింఛను పొందవచ్చు. కూలీకి యజమాని మారినా బోర్డు మారదు. గృహప్రవేశంనాటి పంచెలచాపు ఈ విధంగా హక్కుగా మారింది, కాగితం మీద.

కాగితం మీదనే ఎందుకంటే, కేంద్రచట్టానికి నియమాలు చేయవలసినది, బోర్డు నియమించవలసినది రాష్ట్రప్రభుత్వం. ఆంధ్రప్రదేశ్ నియమావళి 1999లో వచ్చింది. సంక్షేమబోర్డు 2007లో ఏర్పడింది. సెస్సు వసూలు ఆ ఏడాదే మొదలైంది. 1996కూ 2007కూ నడుమ రాష్ట్రం ఊరుకున్నదా? లేదు, ఎడతెగకుండా కట్టింది. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయింది. ఊరూరా ఇంజనీరింగు కళాశాలల భవనాలు, అపార్టుమెంట్లు లేచాయి. 2004 తరువాత నీటిపారుదల పథకాలకు వేలకోట్ల కంట్రాక్టులు ఇచ్చారు. ఇంత కట్టడం జరిగిన ఆ పదకొండేళ్ళ ఒక్క శాతం ఏ బోర్డుకూ చేరలేదు. ఆ కాలంలో పరంజా మీదనుండి పడి మరణించినవారి కుటుంబాలకు ఈ చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఈ ఆలస్యానికంతా యజమానుల సంఘాలే కారణమనడం సులభం. కాని అది పూర్తి సత్యం కాదు. మనం మరచిపోయే విషయమొకటి ఉంది. దేశంలో అందరికన్నా పెద్ద నిర్మాణ యజమాని ప్రభుత్వమే. ఆనకట్టలు, రోడ్లు, వంతెనలు, ఆసుపత్రులు కట్టించేది అదే. సెస్సు వస్తే కంట్రాక్టరు దాన్ని టెండరు ధరలో కలుపుతాడు. చివరకు ఖజానా ఇవ్వాలి. కనుక ఈ విషయంలో కంట్రాక్టరు లాభమూ ఖజానా పొదుపూ ఒకే వైపున నిలిచాయి. ఇట్టి సందర్భంలో యజమానుల సంఘం పెద్దగా అరవనక్కరలేదు. ఫైలు కదలకుండా ఉంటే చాలు. చట్టాన్ని ఓడించడానికి ఓట్లు కావాలి. చట్టాన్ని నిద్రపుచ్చడానికి నిశ్శబ్దం చాలును. శాసనసభ చర్చల సంపుటాలలో ఈ నిశ్శబ్దం దొరకదు గనుకనే చరిత్రకారులు దాన్ని పట్టుకోలేకపోయారు.

నిశ్శబ్దం ఎక్కడ భగ్నమయిందో అక్కడ వ్యాజ్యాలు పుట్టాయి. ఢిల్లీలో సెస్సు వసూలు మొదలుకాగానే బిల్డర్స్ అసోసియేషన్, ఇతర కంట్రాక్టర్లు హైకోర్టుకు వెళ్ళారు. వారి వాదం: ఇది రుసుము కాదు, పన్ను. రుసుమైతే కట్టినవానికి ప్రతిఫలం రావాలి. ఇక్కడ కట్టేది కంట్రాక్టరు, ఫలం అనుభవించేది కూలీ. 2007 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఈ వాదాన్ని తోసివేసింది. 2011 నవంబరు 18న దివాన్‌చంద్ బిల్డర్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కూడా తోసివేసింది. ఒక నిర్దిష్ట ప్రయోజనానికై వసూలై, ఆ ప్రయోజనానికే ఖర్చయ్యే ఈ సెస్సు రుసుమేనని, చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉన్నదని తీర్పు.

కంట్రాక్టర్ల వాదంలో ప్రతిఫలం అనే మాటను చూడండి. కూలీ క్షేమం కంట్రాక్టరుకు ప్రతిఫలం కాదట! కాలు విరిగిన మేస్త్రీకి వైద్యం జరిగి అతడు మళ్ళీ పనిలోకి వస్తే లాభపడేది ఎవరు? బాలింతకు ప్రసూతి సహాయం అంది, ఆమె పచ్చి ఒంటితో తట్ట ఎత్తకుండా ఉంటే ఆ పరిశ్రమకు రేపటి కార్మికుడు ఆరోగ్యంగా పుట్టడా? 1958లో కట్టడంలో శ్రమ విడదీయరానిదన్న పక్షమే, అర్ధశతాబ్ది గడిచాక, కట్టడం ఒకటి, కూలీ క్షేమం వేరొకటి అన్నది. మొదటి మాటను కోర్టు ఒప్పుకుంది, రెండవ మాటను ఒప్పుకోలేదు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి తరగతిలో చదివిస్తే అర్థశాస్త్రం ఒక అధ్యాయం తేలికవుతుంది.

వ్యాజ్యం గెలిచినంతమాత్రాన డబ్బు కూలీకి చేరలేదు. జాతీయ ప్రచార సంఘం 2006లో వేసిన పిటిషను మీద 2018 మార్చి 19న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశం మొత్తంమీద 37,400 కోట్ల రూపాయలకు పైగా సెస్సు వసూలైతే, కార్మికులకోసం ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని ఆ తీర్పులో ఉంది. ఈ దోషం కంట్రాక్టర్లది కాదు, ప్రభుత్వాలది. నిజం చెప్పాలంటే కంట్రాక్టర్ల సంఘాలకు ఇది మంచి ఆయుధమయింది. "మేము కట్టిన డబ్బు మూలుగుతున్నదే, ఇంకా ఎందుకు కట్టాలి?" అని అడగడానికి వీలు చిక్కింది. సర్కారు అలసత్వం ఎప్పుడూ బలవంతుని వాదానికే ఊతమవుతుంది.

లెక్కలు పక్కనపెట్టి మనుషులను చూద్దాం. వాకాడు తీరంలోని పల్లెలకు కూలికోసం మద్రాసు పోవడం కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేదలకూ కొత్త కాదు. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలిపోయి 61 మంది మరణించారు. వారిలో చాలామంది ఆ ఉత్తరాంధ్ర జిల్లాల కార్మికులు. ఊళ్ళో నమోదైనవాడు పరాయిరాష్ట్రంలో మరణిస్తే ఏ బోర్డు బాధ్యత? తొంభై రోజుల పని ఎవరు ధ్రువీకరించాలి? వలస కార్మికులకు అప్పట్లో 1979 నాటి వేరే చట్టముండేది. కాని ముఠామేస్త్రీ నోటిమాట మీద రైలెక్కినవానికి ఏ రిజిస్టరులోనూ పేరుండదు. పేరు లేనివాని తరఫున వినతిపత్రం ఎవరిస్తారు?

యజమానులూ కార్మికులూ ఒకే గొంతుతో మాట్లాడిన సందర్భం ఒకటి ఉంది. అది ఇసుక. 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఒక చట్టం చేసింది. ఏటి ఇసుక తవ్వకం మీద అదుపు అందులో భాగం. స్వర్ణముఖి వంటి ఏరు ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకమేటగానే ఉంటుంది. ఆ ఇసుకే నీటిని పట్టి ఉంచి ఒడ్డునున్న బావులకు ఊట ఇస్తుంది. ప్రభుత్వ విధానాలు మాత్రం ఎనిమిదేళ్ళలో నాలుగు మారాయి. 2016లో ఇసుక ఉచితమన్నారు. 2019 సెప్టెంబరులో ప్రభుత్వసంస్థ ద్వారా టన్ను 375 రూపాయలన్నారు. 2021లో ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించి 475 రూపాయలు చేశారు. 2024 జూలైలో తిరిగి ఉచితమన్నారు.

2019లో ఇసుక దొరకక పనులు ఆగి, లక్షలమంది కూలీలు అడ్డాలలో నిలబడి ఉత్తచేతులతో ఇళ్ళకు తిరిగిపోయారు. అప్పుడు బిల్డర్ల సంఘాలు ప్రభుత్వానికి చేసిన మొరలో కార్మికుల ఆకలి కూడా ఉన్నది. అది అబద్ధం కాదు, ఆకలి నిజమే. కాని ఇసుకకోసం మొరపెట్టేటప్పుడు ముందు నిలబెట్టిన కార్మికుడు సెస్సు వాదంలో ప్రతిఫలానికి అడ్డుగా ఎట్లా మారాడు? తనకు లాభమున్నచోట కార్మికుని సాక్షిగా పిలిచి, అతనికి లాభమున్నచోట కక్షిదారుగా కూడా ఒప్పుకోకపోవడం వర్గస్వభావం కాక మరేమిటి? ఇక బావులలో నీరు అడుగంటిన రైతు ఈ ఇరువురి వినతిపత్రాలలోనూ లేడు.

కొనుగోలుదారుని గతి కూడా ఇట్టిదే. ఫ్లాటు కొన్నవానిని కాపాడడానికి పార్లమెంటు 2016లో స్థిరాస్తి చట్టం చేసింది. 2017 మే 1 నాటికి పూర్తికాని నిర్మాణాలను కూడా నమోదు చేయాలన్నది దానిలోని ముఖ్యసూత్రం. నియమాలు మాత్రం రాష్ట్రాలు చేసుకోవాలి. తెలంగాణ 2017 జూలై 31న నియమాలు ప్రకటించింది. 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన నిర్మాణాలకే అవి వర్తిస్తాయన్నది. అంతకుముందు డబ్బు కట్టి, ఇల్లు చేతికి రాక ఎదురుచూస్తున్నవారు ఒక్క వాక్యంతో చట్టం బయట నిలిచారు. పార్లమెంటు ఇచ్చినదాన్ని ఒక తేదీ తీసుకుపోయింది. చట్టం అక్షరం చెక్కుచెదరలేదు. నియమంలో ఒక్క అంకె మారింది.

ఈ సూత్రం తెలిసినవారికి తరువాతి ఘట్టం ఆశ్చర్యం కలిగించదు. 1996 నాటి రెండు చట్టాలనూ 2020 నాటి కార్మికస్మృతులలో కలిపివేశారు. ఆ స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. ఒక శాతం పోలేదు, పుస్తకంలో అట్లాగే ఉన్నది. కాని సొంత ఇంటికి మినహాయింపు పదిలక్షలనుండి యాభైలక్షలకు పెరిగింది. పాతచట్టం ప్రకారం నలభైలక్షలతో సొంతిల్లు కట్టుకునేవారు నలభైవేలు సెస్సు కట్టవలసి ఉండేది. ఇప్పుడది సున్న. సెస్సు ఎంతో కట్టించేవారే స్వయంగా లెక్కవేసుకునే పద్ధతి కూడా వచ్చింది. ధరలు పెరిగాయి గనుక పరిమితి పెరగాలనడంలో న్యాయం లేకపోలేదు. వాకాడులో బడిపంతులు కట్టుకునే చిన్న ఇంటి మీద భారం తగ్గడం తప్పు కాదు. కాని పల్లెల్లో మేస్త్రీలకు పని దొరికేది ముఖ్యంగా ఇట్టి ఇళ్ళలోనే. ఆ ఇళ్ళు సెస్సు బయటికి పోతే ఆ లోటు ఏ పెద్దభవనం మీద పూడ్చాలి? రెండు శాతం దాకా పోయే అవకాశం చట్టంలో మొదటినుండీ ఉంది గదా! ఆ ప్రశ్న వేసినవారు తక్కువ.

ఈ చరిత్ర మనకు నిరాశ నేర్పకూడదు. 1985లో ఏర్పడిన ఆ ప్రచార సంఘం పదేళ్ళ శ్రమతో చట్టం సాధించింది. 2006లో మళ్ళీ కోర్టుకు వెళ్ళి ప్రభుత్వాల చేత లెక్కలు చెప్పించింది. 1996 చట్టం సంక్షేమబోర్డులో ప్రభుత్వానికి, యజమానులకు, కార్మికులకు సమానసంఖ్యలో స్థానాలిచ్చింది. కుర్చీలు సమానమే. ఆ కుర్చీలో కూర్చోబోయే ముందు రాత్రి గెజిట్ చదివి, లెక్కలు వేసి, ప్రశ్నలు రాసిపెట్టేవారు ఒకవైపే ఉన్నారు. రెండోవైపు ఆ పని చేయవలసినవారు ఎవరు? చదువుకున్న విద్యార్థులు, ఉపాధ్యాయులు కారా?

మనం శాసనసభలో బిల్లు ప్రవేశించిననాడు ఊరేగింపు తీస్తాం, చట్టమయిననాడు సభ జరిపి ఇంటికి పోతాం. యజమానుల సంఘం సరిగా ఆనాటినుండే పని మొదలుపెడుతుంది. ముసాయిదా నియమాలు ప్రకటించినప్పుడు అభ్యంతరాలు తెలపడానికి గడువుంటుంది. ఆ గడువులో తెలుగులో, మేస్త్రీలకు అర్థమయ్యే మాటలలో ఆ నియమాలను చదివి వినిపించి, వారి అభ్యంతరాలను రాసి పంపడం పెద్ద విప్లవమేమీ కాదు. అది ఒక సాయంకాలపు పని. తొంభై రోజుల ధ్రువీకరణ ఎట్లా పొందాలో అడ్డా దగ్గర నిలబడి చెప్పడం మరొక సాయంకాలపు పని. మన వాచకాలలో ఇల్లు కట్టించినవాని పేరు శిలాఫలకం మీద ఉంటుంది. కట్టినవాని పేరు కనీసం బోర్డు రిజిస్టరులోనైనా ఉండేటట్లు చూడవలసిన బాధ్యత మనది.